చిన్న దేశం, పెద్ద పొరుగు: ఫిన్లాండ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెలలో మొదటి సోమవారం మధ్యాహ్నం సరిగ్గా 12 గంటలకు ఇక్కడ సైరన్ మోగుతుంది. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఉలిక్కిపడి కిటికీ దగ్గరికి పరుగెడతారు. కింద రోడ్డు మీద మాత్రం ఎవరూ తల ఎత్తరు. పిల్లాడి బండి తోసుకెళ్తున్న తల్లి తోసుకుంటూ పోతూనే ఉంటుంది. అది పరీక్ష సైరన్. నిజంగా ఆపద వచ్చిన రోజు మోగాలి కాబట్టి ప్రతి నెలా మోగించి చూసుకుంటారు. నేను ఈ దేశం కథ చదవడం మొదలుపెట్టింది ఆ సైరన్ వల్లే. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద పడ్డాక మా ఊరివాళ్లూ, చుట్టాలూ, చదువుకోవడానికి ఇక్కడికి వచ్చే పిల్లలూ పదేపదే అడుగుతున్న ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

చిన్న దేశాలు బోలెడున్నాయి కదా, ఫిన్లాండ్ గురించే ఎందుకు?

ఒకే పొరుగువాడు, ఒకే ఏడాది, ఇంచుమించు ఒకే రకం డిమాండ్లు. అయినా పక్కపక్కనే ఉన్న దేశాలు వేర్వేరు దారులు పట్టాయి. 1939 ఆగస్టు 23న జర్మనీ, సోవియట్ యూనియన్ మాస్కోలో ఒప్పందం చేసుకున్నాయి. దాని వెనక రహస్య పత్రంలో తూర్పు యూరప్‌ను వాటాలేసుకున్నాయి. ఫిన్లాండ్, ఎస్తోనియా, లాత్వియా సోవియట్ వాటాకు వెళ్లాయి. నెల తిరగ్గానే లిథువేనియా కూడా అటే చేరింది. తర్వాత మాస్కో అడిగిన ఒప్పందాల మీద ఎస్తోనియా సంతకం పెట్టింది, ఫిన్లాండ్ పెట్టలేదు. ఆ తర్వాత ఏమైందో రెండు చోట్లా కళ్లారా చూడొచ్చు.

1939లో అసలేం జరిగింది?

అక్టోబరులో మాస్కో ఫిన్లాండ్ ప్రతినిధులను పిలిపించింది. లెనిన్‌గ్రాడ్ మీ సరిహద్దుకు 32 కిలోమీటర్లలో ఉంది, అది మాకు ప్రమాదం, కరేలియా భూసంధిలో సరిహద్దు వెనక్కి జరుపుకోండి అంది. ఫిన్లాండ్ సింధుశాఖలో కొన్ని దీవులు కావాలంది. హాంకో రేవును 30 ఏళ్లు కౌలుకిమ్మంది. బదులుగా ఇంకొంచెం ఉత్తరాన రెట్టింపు విస్తీర్ణంలో అడవి ఇస్తానంది. వారాల తరబడి మాట్లాడుకున్నా తెగలేదు.

నవంబరు 26న సోవియట్ వైపు సరిహద్దు పల్లె మైనిలాలో ఫిరంగి గుండ్లు పడ్డాయి. కాల్చింది ఫిన్లాండేనని మాస్కో ప్రకటించింది. నిజానికి ఫిన్లాండ్ తన ఫిరంగులను అంతకుముందే, గుండు అక్కడిదాకా చేరలేనంత దూరానికి లాక్కుంది. నవంబరు 30 ఉదయం యుద్ధప్రకటన కూడా లేకుండా హెల్సింకీ మీద బాంబులు పడ్డాయి. ఇటువైపు జనాభా 37 లక్షలు. అటువైపు దాదాపు 17 కోట్లు.

అడిగింది కాస్త భూమే కదా, ఇచ్చేస్తే గొడవ వదిలేది కదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లను నేను తప్పుబట్టను. చర్చలకు వెళ్లిన పాసికివి, సైన్యాధిపతి మన్నర్‌హెయిమ్ ఇద్దరూ కొంతైనా ఇచ్చి సర్దుకుందామనే అన్నారు. మన్నర్‌హెయిమ్ రష్యా చక్రవర్తి సైన్యంలో దాదాపు 30 ఏళ్లు పనిచేసినవాడు, ఆ బలం ఎంతో దగ్గరగా తెలిసినవాడు. వాళ్లవి పిరికి మాటలు కావు.

కానీ ఇచ్చినవాళ్లకు ఏమైందో చూడాలి. ఎస్తోనియా 1939 సెప్టెంబరు 28న ‘పరస్పర సహాయ ఒప్పందం’ మీద సంతకం పెట్టింది. 25,000 మంది సోవియట్ సైనికులకు స్థావరాలు ఇచ్చింది. మీ ప్రభుత్వం మీదే, మీ రాజ్యాంగం మీదే అని ఆ కాగితంలో రాసి ఉంది. తొమ్మిది నెలలు గడవకుండానే, 1940 జూన్‌లో, కొత్త ప్రభుత్వం పెట్టుకోండి, ఇంకా సైన్యాన్ని రానివ్వండి అని గడువు పెట్టారు. ఆగస్టుకల్లా ఎస్తోనియా అనే దేశం పటం మీద లేదు. ఆ ఒప్పందానికి ఒప్పుకున్న అధ్యక్షుడు పాత్స్‌ను రష్యాకు తరలించారు, ఆయన 1956లో అక్కడే పోయాడు. సైన్యాధిపతి లైడోనర్ 1953లో వ్లదీమిర్ జైల్లో చనిపోయాడు. 1941 జూన్‌లో ఒక్క రాత్రి తలుపులు తట్టి సుమారు 10,000 మందిని, ఎక్కువగా ఆడవాళ్లనూ పిల్లలనూ ముసలివాళ్లనూ, సరుకు పెట్టెల్లో ఎక్కించి సైబీరియా వైపు పంపారు. 1949 మార్చిలో ఇంకో 20,000 మందిని.

ఎస్తోనియన్లకు ధైర్యం లేదని నేను అనను. 11 లక్షల జనం, చదునైన నేల, పక్కన సాయపడేవాడు లేడు. యుద్ధం వద్దనుకున్నది తమ ప్రజల ప్రాణాలు దక్కుతాయనే. ఆ ప్రాణాలే దక్కలేదు. అందుకే ‘కాస్త భూమే కదా’ అన్న మాట వింటే నాకు ఆ సరుకు పెట్టెలు గుర్తొస్తాయి.

అంత పెద్ద సైన్యాన్ని ఎలా నిలువరించారు?

మొదట ఒక మాట: ముందే కూడగట్టుకున్నారు. అక్టోబరు చర్చలు సాగుతుండగానే ‘అదనపు శిక్షణ’ పేరుతో రిజర్వు సైనికులను పిలిచేశారు. ఏ ఊరివాళ్లు ఎక్కడికి రావాలి, తుపాకీ ఎక్కడుంటుంది అన్నది ప్రాంతాలవారీగా ముందే రాసి ఉంది. అంతకుముందు వేసవిలో విద్యార్థులు, గుమాస్తాలు సెలవులు పెట్టుకుని కరేలియాకు వెళ్లి, ట్యాంకులకు అడ్డంగా బండరాళ్లు పాతారు, కందకాలు తవ్వారు. బాంబులు పడేనాటికి మనిషి తన చోట ఉన్నాడు. నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద విషయం అనిపిస్తుంది.

తర్వాత అడవి. తూర్పున సువొముస్సల్మి దగ్గర సోవియట్ 163వ డివిజన్ చొరబడింది. దానికి తోడుగా 44వ డివిజన్ రాటె అనే సన్నటి అడవి దారిలో బయల్దేరింది. రెండు పక్కలా నడుముల్లోతు మంచు. మధ్యలో ఒక్కటే దారి. ట్యాంకులు, లారీలు, గుర్రపు బళ్లు, వంటబళ్లు ఒకదాని వెనక ఒకటి కిలోమీటర్ల కొద్దీ నిలబడిపోయాయి. తెల్లటి పైదుస్తులు తొడుక్కున్న ఫిన్లాండ్ సైనికులు స్కీల మీద అడవిలోంచి వచ్చి ఆ వరుసను అక్కడక్కడా కోసేశారు. ముందు భాగానికి వెనక భాగం అందదు, వెనక్కి పోదామంటే దారి లేదు. ఈ పద్ధతికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘మొత్తి’. అది కట్టెలు కొట్టేవాళ్ల మాట. ఒక ఘనమీటరు కట్టెను కోసి, పేర్చి, తర్వాత మోసుకెళ్లడానికి అడవిలో ఉంచేస్తారు, దాన్ని మొత్తి అంటారు. శత్రువును కూడా అలాగే ముక్కలుగా కోసి ఉంచేశారు.

వాళ్లు ప్రత్యేకంగా గురిపెట్టింది వంటబళ్లకు. సున్నాకు 40 డిగ్రీలు దిగువన ఉన్న చలిలో వేడి జావ అందని మనిషి ఎన్నాళ్లు నిలబడగలడు? ఇటువైపువాళ్లకు వెనకాల పొయ్యి ఉన్న గుడారాలు, వీలైనచోట ఆవిరిస్నానానికి సౌనా కూడా ఉన్నాయి. జనవరి మొదటి వారానికి 44వ డివిజన్ చెదిరిపోయింది. దాని అధిపతిని సొంత సైన్యమే కాల్చి చంపింది.

ఆ 44వ డివిజన్ వచ్చింది ఉక్రెయిన్ నుంచి. దారి పక్కన గడ్డకట్టి చచ్చిన కుర్రాళ్లలో చాలామంది స్టాలిన్ ఎక్కడికి పంపాడో కూడా తెలియని పల్లెల పిల్లలు. రాటె దారిలో ఇప్పుడు ఒక స్మారకం ఉంది. విశాలమైన మైదానం నిండా వేల బండరాళ్లు, రెండు వైపులా చనిపోయినవాళ్ల పేరిట. మధ్యలో 105 చిన్న గంటలు, యుద్ధం జరిగిన రోజులు అన్ని. గాలి వీచినప్పుడల్లా మోగుతాయి.

ఆయుధాలు ఉండేవా?

చాలక ఇబ్బందిపడ్డారు. చాలామందికి యూనిఫారం కూడా లేదు. ఇంటి నుంచి వేసుకొచ్చిన కోటు మీద ఒక బెల్టు, టోపీకి ఒక బిళ్ల. అప్పటి ప్రధాని పేరు మీద దాన్ని ‘కాయాందర్ మోడల్’ అని పిలుచుకునేవారు. ట్యాంకులను ఆపడానికి సీసాలో మండే ద్రవం పోసి, అంటించి విసిరేవారు. ప్రభుత్వ మద్యం కంపెనీ సీసాల కర్మాగారంలోనే వాటిని లక్షల్లో నింపారు. సోవియట్ విదేశాంగ మంత్రి పేరుతో ‘మొలోటోవ్ కాక్‌టెయిల్’ అన్న మాటను ప్రపంచానికి ఇచ్చింది ఈ యుద్ధమే. దుంగలు తెచ్చి ట్యాంకు చక్రాల గొలుసులో దూర్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు.

ఇరవై ఏళ్ల క్రితమే తమలో తాము కొట్టుకున్న జనం ఒక్కటిగా ఎలా నిలబడ్డారు?

ఇదే అసలు ప్రశ్న. దీన్ని చాలా తక్కువమంది అడుగుతారు.

1918లో ఈ దేశంలో అంతర్యుద్ధం జరిగింది. ఎర్రవాళ్లు, తెల్లవాళ్లు. కూలీలు, కౌలుదార్లు ఒకవైపు, ఆస్తిపరులు, సొంత భూమి ఉన్న రైతులు ఇంకోవైపు. కొద్ది నెలల్లో సుమారు 37,000 మంది చనిపోయారు. అందులో 12,000కు పైగా ఓడిన ఎర్రవాళ్లు, ఆకలితో, జబ్బులతో ఖైదీల శిబిరాల్లో పోయినవాళ్లు. తెల్లసైన్యాన్ని నడిపింది ఈ మన్నర్‌హెయిమే. ఎర్రవాళ్ల ఇళ్లలో ఆయన పేరు కసాయి పేరు. 1939లో స్టాలిన్ వేసుకున్న లెక్క కూడా ఇదే: మన సైన్యం గడప దాటగానే అక్కడి కూలీలు తలుపులు తీస్తారు.

తీయలేదు. ఎందుకు తీయలేదో ఆ ఇరవై ఏళ్లలో చూడాలి. యుద్ధం ముగిసిన ఏడాదే, 1918 అక్టోబరులో, కౌలుదార్లు తాము సాగుచేస్తున్న నేలను కొనుక్కునేలా చట్టం చేశారు. 1922లో ఇంకో చట్టం తెచ్చి భూమిలేని కూలీలకూ నేల దక్కేలా చూశారు. దున్నేవాడిదే భూమి అన్న నినాదం కోసం మన తెలంగాణలో ఎందరు ప్రాణాలిచ్చారో మనకు తెలుసు. ఇక్కడ గెలిచినవాళ్లే ఓడినవాళ్లకు ఆ పని చేశారు. ఓడిన పక్షం పార్టీని నిషేధించి ఊరుకోలేదు. సోషల్ డెమోక్రాట్లను 1919 ఎన్నికల్లోనే పార్లమెంటుకు రానిచ్చారు. 1926లో వాళ్ల నాయకుడు టాన్నర్ ప్రధాని అయ్యాడు. 1937లో వాళ్లూ రైతుల పార్టీ కలిసి ప్రభుత్వం పెట్టారు. భూచట్టం తెచ్చిన రైతు నాయకుడు క్యొస్తి కల్లియో 1939లో దేశాధ్యక్షుడు.

యుద్ధం మొదలైన మర్నాడే మాస్కో సరిహద్దు పట్టణం తెరియోకిలో ‘ఫిన్లాండ్ ప్రజా ప్రభుత్వం’ అని ఒకటి కూర్చోబెట్టింది. దాని పెద్ద కూసినెన్, 1918 తర్వాత రష్యాకు వెళ్లిపోయిన ఎర్ర నాయకుడు. భూమి పంచుతాం, రోజుకు ఎనిమిది గంటల పని పెడతాం అని ప్రకటించాడు. ఆ కరపత్రం చదివే కూలీ చేతిలో అప్పటికే ఎకరాలున్నాయి. ఎనిమిది గంటల పని 1917 నుంచీ చట్టం. ఆ పిలుపుకు ఎవరు కదులుతారు? 1918లో తండ్రిని పోగొట్టుకున్న కొడుకులు 1939లో, తండ్రిని ఓడించిన సేనాధిపతి కింద, తమ ఇంటికోసం కాపలా కాశారు. యుద్ధం మధ్యలో, 1940 జనవరి 23న, అంతదాకా ఒప్పుకోని యజమానుల సంఘం కార్మిక సంఘాలతో కూర్చుని మాట్లాడటానికి ఒప్పుకుంది.

ట్యాంకులెన్ని, విమానాలెన్ని అని నన్ను అడుగుతుంటారు. కౌలుదారుకు పట్టా ఎప్పుడిచ్చారని అడగమంటాను.

చివరికి గెలిచారా?

చలిచీమలు పామును చంపాయన్న మాట వినడానికి బాగుంటుంది. ఇక్కడ పాము చావలేదు. 1940 ఫిబ్రవరిలో సోవియట్ సేనాధిపతి టిమోషెంకో కొత్తగా బలగాలు పోగేసి, ఫిరంగులతో నేలను దున్ని, 11వ తేదీన సుమ్మా దగ్గర రక్షణ రేఖను పగలగొట్టాడు. గుండ్లు అయిపోతున్నాయి, మనుషులు అయిపోతున్నారు. మార్చి 13న కాల్పులు ఆగాయి. 105 రోజులు.

ఫిన్లాండ్ వైపు సుమారు 25,000 మంది చనిపోయారు. సోవియట్ వైపు తర్వాత రష్యన్లే తేల్చిన లెక్క 1,26,000కు పైనే. దేశంలో పదో వంతు నేల పోయింది, వీపురి నగరంతో సహా, 1939లో అడిగినదానికన్నా ఎంతో ఎక్కువ. ఒప్పందానికి అధికారమిచ్చే కాగితం మీద సంతకం పెడుతూ కల్లియో, ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టే చెయ్యి ఎండిపోనీ అన్నాడని చెబుతారు. కొన్ని నెలలకే పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఆ డిసెంబరులో పదవి వదిలి ఊరికి బయల్దేరుతూ హెల్సింకీ స్టేషన్లో కుప్పకూలి ప్రాణం విడిచాడు.

కానీ దేశం మిగిలింది. పార్లమెంటు, కోర్టులు, పత్రికలు మిగిలాయి. రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన యూరప్ దేశాల్లో శత్రుసైన్యం అడుగుపెట్టని రాజధానులు మూడే: లండన్, మాస్కో, హెల్సింకీ. దీన్ని గెలుపు అనాలా వద్దా నాకు తెలియదు, ఎస్తోనియా రాజధాని తాలిన్‌లో ఎవరినైనా అడిగితే మాత్రం తడుముకోకుండా చెబుతారు.

పోయిన నేల మీది జనం ఏమయ్యారు?

నాలుగు లక్షలకు పైగా జనం, అంటే ప్రతి తొమ్మిది మందిలో ఒకరు, కొద్ది రోజుల వ్యవధిలో ఇళ్లు వదిలేశారు. సోవియట్ పాలన కింద ఉండిపోయినవాళ్లు దాదాపు లేరు. ఆవును పట్టుకుని, పిల్లల్ని స్లెడ్జిబండిలో కూర్చోబెట్టుకుని మంచులో నడిచారు. మిగతా దేశం తన పొలాల్లోంచి, చర్చి భూముల్లోంచి, ప్రభుత్వ భూముల్లోంచి ముక్కలు కోసి వాళ్లకిచ్చింది. అంతా ప్రేమగా జరిగిందనుకోవద్దు. యాస వేరని, తిండి వేరని ఎత్తిపొడుపులు చాలానే పడ్డారు. అయినా శరణార్థి శిబిరాలంటూ మిగల్లేదు. ఇప్పుడు ఇక్కడ ఏ సూపర్ మార్కెట్‌కు వెళ్లినా రై పిండి రేకులో పాలతో ఉడికించిన అన్నం పెట్టి కాల్చిన చిన్న రొట్టెలు దొరుకుతాయి. కరేలియా రొట్టెలు. ఇంటిని వదిలేసినవాళ్లు మోసుకొచ్చిన వంట అది. మనవాళ్లకు మొదటి రోజే నచ్చే ఫిన్లాండ్ తిండి కూడా అదే, లోపల అన్నం కదా.

ప్రపంచం సాయపడలేదా?

నానాజాతి సమితి 1939 డిసెంబరు 14న సోవియట్ యూనియన్‌ను బయటికి పంపేసింది. స్వీడన్ నుంచి సుమారు 8,000 మంది స్వచ్ఛందంగా వచ్చారు. ఆయుధాలు, డబ్బు, పిల్లలకు ఆశ్రయం కూడా ఇచ్చింది, సైన్యాన్ని మాత్రం పంపలేదు. బ్రిటన్, ఫ్రాన్స్ పంపుతామని చెబుతూ చెబుతూ ఉండగానే యుద్ధం అయిపోయింది. పత్రికల్లో పొగడ్తలు మాత్రం కొదవలేకుండా వచ్చాయి.

తర్వాత హిట్లర్‌తో చేతులు కలిపారు కదా?

కలిపారు. దాన్ని దాచి ఈ కథ చెప్పడం న్యాయం కాదు. 1941 జూన్‌లో జర్మనీ సోవియట్ యూనియన్ మీద పడినప్పుడు, పోయిన నేల తిరిగి తెచ్చుకుందామని ఫిన్లాండ్ దాని పక్కన నిలిచింది. పాత సరిహద్దు దగ్గర ఆగలేదు, తూర్పు కరేలియాలోకి వెళ్లింది. అక్కడి రష్యన్ పౌరులను శిబిరాల్లో పెట్టింది, వాళ్లలో 4,000 మందికి పైగా ఆకలితో, రోగాలతో చనిపోయారు. దెబ్బతిన్నవాడు ఇంకొకణ్ణి దెబ్బకొట్టడని ఎక్కడా రాసిలేదు. 1944 సెప్టెంబరులో మళ్లీ సంధి. ఈసారి జర్మన్లను ఉత్తరం నుంచి తరిమే పని కూడా మీదపడింది, వాళ్లు పోతూపోతూ లాప్లాండ్ ఊళ్లను తగలబెట్టి వెళ్లారు. 30 కోట్ల డాలర్ల విలువైన ఓడలు, యంత్రాలు, కాగితం నష్టపరిహారంగా పంపాలన్నారు. 1952కల్లా చివరి బండి దాకా పంపేసి బాకీ తీర్చారు.

ఆ తర్వాత రష్యాకు భయపడుతూ బతికారంటారు, నిజమేనా?

కొంత నిజమే. 1948లో మాస్కోతో స్నేహ ఒప్పందం చేసుకున్నారు. మాస్కోకు నచ్చని మాట పత్రికల్లో రాయకుండా తమంతట తామే నోరు కట్టుకున్నారు. కెక్కొనెన్ 1956 నుంచి పాతికేళ్లకు పైగా అధ్యక్షుడిగా ఉండటంలోనూ ఆ నీడ ఉంది. ఆ కాలం గురించి ఇప్పటికీ పెద్దవాళ్లు మాట్లాడుతుంటే గొంతు తగ్గిపోతుంది. కానీ ఆ ఏళ్లన్నిట్లోనూ పైన చిరునవ్వు నవ్వుతూ కింద షెల్టర్ల కోసం రాయి తొలుస్తూనే ఉన్నారు. ఎన్నికలు ఆగలేదు, సైనిక శిక్షణ ఆగలేదు.

ఇప్పుడు ఎలా కాపాడుకుంటున్నారు?

మా అపార్ట్‌మెంట్ నేలమాళిగలో ఒక ఉక్కు తలుపు ఉంది. అరచేయి మందం కన్నా ఎక్కువే. దాని వెనక మామూలు రోజుల్లో సైకిళ్లు, స్కీలు, పాత సోఫాలు. ఆజ్ఞ వస్తే 72 గంటల్లో ఖాళీ చేసి మనుషులు కూర్చునేలా సిద్ధం చేయాలి. గోడకు గాలి వడపోసే యంత్రం, కరెంటు పోతే చేత్తో తిప్పుకోవడానికి పిడి. మొదటిసారి ఆ పిడిని పట్టుకుని చూసినప్పుడు ఇనుము చల్లగా, బరువుగా తగిలింది. ఇది ఎప్పుడో తవ్వి మరిచిపోయిన బంకరు కాదు, 1,200 చదరపు మీటర్లు దాటిన ఇల్లు కడితే షెల్టరు కట్టి తీరాలని చట్టం. దేశంలో ఇలాంటివి 50,500, అందులో 48 లక్షల మందికి చోటు. జనాభా 56 లక్షలు. హెల్సింకీ తూర్పున ఒక ఈతకొలను మొత్తం కొండరాతి లోపలే ఉంది. పిల్లలు ఈత నేర్చుకునే ఆ చోటే యుద్ధం వస్తే షెల్టరు.

మగపిల్లలందరికీ నిర్బంధ సైనిక శిక్షణ. అమ్మాయిలు 1995 నుంచి ఇష్టపడితే చేరవచ్చు. యుద్ధం వస్తే నిలబెట్టే సైన్యం 2,80,000, శిక్షణ పొందిన రిజర్వు దాదాపు 9 లక్షలు. ధాన్యం, ఇంధనం, మందులు నెలల తరబడి సరిపడేలా నిల్వ ఉంచడానికి ఒక ప్రత్యేక సంస్థ పనిచేస్తుంది. 1961 నుంచి జాతీయ రక్షణ కోర్సులని నడుపుతున్నారు. ఎంపీలు, కంపెనీల పెద్దలు, సంపాదకులు, బిషప్పులు కొన్ని వారాలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని, కరెంటు ఆగితే ఎవరేం చేయాలి, బ్యాంకులు ఆగితే ఎవరేం చేయాలి అని మాట్లాడుకుంటారు. ఆపద రోజున ఫోన్ చేయాల్సిన మనిషి ముఖం ముందే తెలిసి ఉంటుంది.

మా అబ్బాయికి ఫిన్లాండ్ పౌరసత్వం వచ్చింది. వాడు కూడా వెళ్లాలా?

వెళ్లాలి. పద్దెనిమిదో ఏట ఉత్తరం వస్తుంది. 165, 255, లేదా 347 రోజులు, అప్పగించిన పనిని బట్టి. ఆయుధం పట్టడం మనసొప్పనివాళ్లకు పౌరసేవ ఉంది. చదువు పాడవుతుందని దిగులుపడకండి, కాలేజీలు సీటు ఆపి ఉంచుతాయి. మన తల్లులు మొదట ఏడుస్తారు. శిక్షణ మధ్యలో సెలవుకు వచ్చిన కొడుకు తన పక్క తనే దులిపి దుప్పటి మడతపెట్టడం చూశాక కాస్త కుదుటపడతారు.

నాటోలో చేరారుగా, ఇంకెందుకు ఇదంతా?

2022 మేలో పార్లమెంటులో 188 మంది చేరదామన్నారు, 8 మంది వద్దన్నారు. 2023 ఏప్రిల్ 4న చేరారు. రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దున్న దేశానికి అది చిన్న అడుగు కాదు. నాటో అనగానే అందరూ ఐదో అధికరణం చెబుతారు: ఒకరి మీద దాడి అందరి మీద దాడి. మూడో అధికరణం ఎవరూ చెప్పరు: ముందు మిమ్మల్ని మీరు కాపాడుకునే శక్తి పెంచుకోండి. ఫిన్లాండ్ మూడో అధికరణం చెప్పే పనిని ఎనభై ఏళ్లుగా చేస్తూ వచ్చి తర్వాత ఐదోదానికి సంతకం పెట్టింది. ఉక్రెయిన్ 1994లో బుడాపెస్ట్‌లో అణ్వాయుధాలు వదులుకుని, సరిహద్దులను గౌరవిస్తామన్న హామీ పత్రం పుచ్చుకుంది. ఆ పత్రం మీద రష్యా సంతకం కూడా ఉంది.

డబ్బున్న చిన్న దేశానికి ఆ డబ్బే రక్షణ కాదా?

దీనికి జవాబు కడపలో, కోనసీమలో చాలా ఇళ్లలో తెలుసు. 1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ కువైట్‌లోకి దిగింది. రెండు రోజుల్లో అయిపోయింది. పాలకులు సౌదీకి దాటారు. ఇళ్లలో, డ్రైవర్లుగా, మేస్త్రీలుగా పనిచేస్తున్న మనవాళ్లు చేతిలో ఉన్న సంచితో ఎడారి దాటి జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా రెండు నెలల పాటు విమానాల మీద విమానాలు నడిపి లక్షా పదివేల మందికి పైగా ఇంటికి చేర్చింది. కువైట్‌ను 1991 ఫిబ్రవరిలో అమెరికా నాయకత్వంలోని సేనలు విడిపించాయి, కానీ ఇరాక్ సైన్యం పోతూపోతూ వందలాది చమురు బావులకు నిప్పుపెట్టింది.

లోపలే ఉండి ఎదిరించి ప్రాణాలిచ్చిన కువైటీలు ఉన్నారు, వాళ్లను తక్కువ చేయను. అయితే ఆనాడు ఆ దేశంలో ఉంటున్నవాళ్లలో పౌరులు మూడో వంతు కూడా లేరు. దేశాన్ని నడుపుతున్న చేతుల్లో ఎక్కువ చేతులకు ఆ దేశం తమది కాదు. కౌలుదారు పట్టా గురించి పైన చెప్పానే, అదే సంగతి.

ఆయుధం పట్టకుండా ఎదిరించడం సాధ్యమా?

1989 ఆగస్టు 23న, ఆ రహస్య ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన రోజున, మూడు బాల్టిక్ రాజధానులను కలుపుతూ, తాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా లక్షల మంది ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. 1991 జనవరి 13 రాత్రి విల్నియస్‌లో టీవీ టవర్ చుట్టూ జనం పాటలు పాడుతూ ట్యాంకులకు అడ్డం నిలిచారు. 14 మంది చనిపోయారు. ఆ ఆగస్టులో మాస్కోలో గోర్బచేవ్‌ను దించాలన్న కుట్ర విఫలమయ్యాక మూడు బాల్టిక్ దేశాలూ స్వతంత్రమయ్యాయి. ఇది పనిచేసింది మాస్కోలోనే కాల్చనన్నవాళ్లు ఉన్నారు కాబట్టి. 1941లో సైబీరియా బండి ఎక్కించేవాళ్ల ముందు పాటలు పనిచేసి ఉండేవని నాకు నమ్మకం లేదు.

అడవీ మంచూ లేని చిన్న దేశం ఏం చేయాలి?

ఎస్తోనియా ఇప్పుడు చేస్తున్నది చూడండి. 2007 వసంతంలో దాని బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ వెబ్‌సైట్ల మీద వారాల పాటు సైబర్ దాడి జరిగింది. ఆ తర్వాతి ఏళ్లలో ఏర్పాటు చేసుకుని, భూముల రిజిస్టరు, జనాభా రిజిస్టరు లాంటి ముఖ్యమైన రికార్డుల నకళ్లను లక్సెంబర్గ్‌లో, తన రాయబార కార్యాలయానికి ఉన్నంత రక్షణ ఉన్న సర్వర్లలో దాచుకుంటోంది. రేపు ఎవరైనా వచ్చి దేశాన్ని ఆక్రమించినా, ఏ పొలం ఎవరిదో చెరిపి రాయలేరు. 1940లో చెరిపి రాయడం చూసినవాళ్ల మనవలు చేసిన ఏర్పాటు అది.

ఈ ఏర్పాట్లలో మీకు నచ్చనిది ఏదైనా ఉందా?

ఉంది. మనుషుల మీద వాడే మందుపాతరలను నిషేధించిన ఒట్టావా ఒప్పందం నుంచి బయటికి రావాలని 2025లో ఫిన్లాండ్ పార్లమెంటు ఓటు వేసింది. బాల్టిక్ దేశాలు, పోలండ్ కూడా అదే దారి పట్టాయి. సరిహద్దు అవతల ఉన్నవాడు ఆ ఒప్పందంలో ఎప్పుడూ లేడు, వాళ్ల వాదన నాకు అర్థమవుతుంది. కానీ యుద్ధం అయిపోయాక పాతికేళ్లకు పుట్టగొడుగులు ఏరుకోవడానికి వెళ్లిన పిల్లకు మందుపాతర తెలియదు. దీని మీద నా మనసు ఇంకా కుదుటపడలేదు.

ఫిన్లాండ్ వస్తే ఇవన్నీ ఎక్కడ చూడాలి?

రాటె దారికి వెళ్లాలంటే హెల్సింకీ నుంచి కయానీ దాకా రైలు, అక్కడి నుంచి వందకు పైగా కిలోమీటర్లు రోడ్డు. వేసవిలో వెళ్లండి. హెల్సింకీలోనే మన్నర్‌హెయిమ్ ఇల్లు మ్యూజియంగా ఉంది, ఆయన వేటాడిన పులి చర్మం కూడా అక్కడే పరిచి ఉంటుంది.

ఒక్కటే చూసే వీలుంటే మాత్రం ఏ చిన్న ఊరి చర్చి పెరడైనా చూడండి. చనిపోయిన ప్రతివాణ్ణీ వీలైనంతవరకు యుద్ధభూమి నుంచి సొంత ఊరికి తెచ్చి పూడ్చిపెట్టారు. అందుకే ప్రతి ఊళ్లో ఒకే కొలతలో వరుసగా రాళ్లు, మీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. పంతొమ్మిది, ఇరవై, ఇరవై రెండేళ్లు. కొన్నిచోట్ల ఒకే ఇంటిపేరు మూడుసార్లు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ప్రతి రాయి దగ్గరా కొవ్వొత్తి వెలుగుతుంది. మీరు ఆ వేళకు వెళ్తే గాలికి ఆరిపోని, మూత ఉన్న కొవ్వొత్తులు కొనుక్కెళ్లండి, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. పరాయివాళ్లు వచ్చి వెలిగించినా ఎవరూ ఏమీ అనుకోరు. వెలిగించని రాయి కనిపిస్తే అక్కడ పెట్టండి.